చేతులు కట్టుకోవడం కూడా పనే

ఆర్కిడ్ మన ఇంటికి పూలతో వస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. నర్సరీ మేళాలో కొన్నదో, ఎవరో కానుకగా ఇచ్చిందో, రెండు మూడు నెలలు కళకళలాడుతుంది. చివరి పువ్వు రాలాక ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది. కొత్త ఆకు రాదు, వేరు కదలదు. కొన్నిటికి ఉన్న ఆకులు కూడా పండి రాలిపోతాయి. ఇక ఇంట్లోవాళ్ల చేతులు ఊరుకోవు. ఒకరు నీళ్లు పెంచుతారు, ఒకరు టీపొడి వేస్తారు, ఇంకొకరు కుండీ మారుస్తారు. చివరికి చెత్తబండి కుర్రాడి చేతిలో పెడతారు. అలా పోయే మొక్కల్లో చాలావాటికి ఏ రోగమూ ఉండదు. విశ్రాంతిలో ఉంటాయి, అంతే.

పని ఎలా మొదలుపెట్టాలో, పట్టు వదలకుండా ఎలా సాగించాలో వ్యక్తిత్వ వికాస పుస్తకాలన్నీ చెబుతాయి. ఎప్పుడు చెయ్యి వెనక్కి తీసుకోవాలో చెప్పేవి తక్కువ. అది ఉపన్యాసం వింటే వచ్చే విద్య కాదు. ఒక సంకరజాతి ఆర్కిడ్‌ను ఏడాది పాటు ఇంట్లో పెంచితే మాత్రం చాలావరకు ఒంటబడుతుంది. హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ, ఆబిడ్స్, నాంపల్లి వైపు అపార్ట్‌మెంట్ బాల్కనీలను మనసులో పెట్టుకుని ఈ అధ్యాయం రాస్తున్నాను. మనకు దొరికే ఆర్కిడ్ పుస్తకాలు ఎక్కువగా మంచు కురిసే ఊళ్లవి. వాటిలో చలికాలమంటే హీటరు వేసిన గది, వేసవి అంటే పెరిగే కాలం. మన మే నెల సంగతి వాటికి తెలియదు.

ముందు ఈ సంకరం సంగతి. ఇంగ్లండ్‌లోని వీచ్ నర్సరీలో జాన్ డొమినీ అనే తోటమాలి రెండు కలాంథీ జాతులను కలిపి పుట్టించిన మొక్క 1856లో పూసింది. మనిషి చేతుల మీదుగా పుట్టి పూసిన మొదటి ఆర్కిడ్ సంకరం అదే. ఇప్పటికి నమోదైన సంకరాలు లక్ష దాటాయి. అడవిలో ఎన్నడూ ఎదురుపడని జాతులు కుండీలో వియ్యమందాయి. అందువల్ల మీ మొక్కకు తల్లి వైపు ఒక పంచాంగం, తండ్రి వైపు ఇంకో పంచాంగం ఉంటాయి. తల్లి పుట్టిన అడవిలో ఏడాది పొడవునా జల్లు, తండ్రి పుట్టిన చోట ఆరు నెలలు చుక్క పడదు. బిడ్డ దేన్ని పాటిస్తుందో ముందుగా చెప్పలేం. ఒకే కాయలోని గింజల నుంచి మొలిచిన తోబుట్టువుల్లో ఒకటి ఆకులన్నీ రాల్చి నిద్రపోవచ్చు, పక్కది పచ్చగా నిలబడొచ్చు. టిష్యూ కల్చర్ మొక్కలైతే ఒక్క మొక్కకే నకళ్లు కాబట్టి స్వభావం ఒకటే.

దానికి తోడు, మన చేతికి వచ్చేముందు ఆ మొక్క బ్యాంకాక్ దగ్గర ఏ నర్సరీలోనో, చల్లటి గాలి ఆడించే పాలీహౌస్‌లోనో ఉండి ఉంటుంది. అక్కడి అలవాటు వదలడానికి కొంతకాలం పడుతుంది. కాబట్టి కొన్న మొదటి ఏడాది దాని నడత చూసి మంచిదనీ మొండిదనీ తీర్పు చెప్పకండి. కుండీలో గుచ్చిన పేరు ట్యాగ్‌ను మాత్రం జాగ్రత్తగా ఉంచండి. పువ్వు లేనప్పుడు ఆ మొక్క గురించి మీకు ఆధారం అదొక్కటే.

గన్‌ఫౌండ్రీలో ఉండేవాళ్లకు ఆర్కిడ్ కోసం వేరే క్యాలెండర్ అక్కర్లేదు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఏం జరుగుతోందో చూస్తే చాలు. జనవరి 1న నుమాయిష్ ప్రదర్శన మొదలయ్యేనాటికి రాత్రి చలి 15 డిగ్రీల ప్రాంతానికి దిగుతుంది. ఫాలనాప్సిస్‌కు పూలకాడ వచ్చేది ఈ చలికే. ఫిబ్రవరి మధ్యలో నుమాయిష్ స్టాళ్లు విప్పేటప్పటికి డెండ్రోబియం, కాట్లియా మొదళ్లలో మొలక కళ్లు ఉబ్బుతాయి. కుండీ మార్చాలంటే అదే అదను. ఏప్రిల్, మే నెలల్లో గ్రౌండ్స్ లాగే మొక్క కూడా ఖాళీగా ఉంటుంది. జూన్ మొదటి వారం దాటాక మృగశిర కార్తె నాడు చేప మందు కోసం జనం అదే గ్రౌండ్స్‌లో బారులు తీరతారు. అప్పటికి గాలిలో తేమ వస్తుంది, వేరు కొసలు మళ్లీ పచ్చబడతాయి. అక్కణ్నుంచి బతుకమ్మ దాకా మొక్క తింటుంది, తాగుతుంది, పెరుగుతుంది. ఎరువు ఇవ్వాల్సింది ఆ నాలుగు నెలలే. 19-19-19 పొడిని లీటరు నీళ్లకు అర గ్రాము నుంచి గ్రాము దాకా కలిపి వారానికోసారి ఇస్తే సరిపోతుంది. అంతకు మించితే ఉప్పు పేరుకుంటుంది.

చలికాలపు విశ్రాంతి మాట అందరూ చెబుతారు. మన ఊళ్లో అసలు పరీక్ష మే విశ్రాంతి. పాదరసం 40 దాటాక మొక్క దుకాణం కట్టేస్తుంది. వేరు కొసను దగ్గరగా చూడండి. పెరిగే వేరుకు చివర అగ్గిపుల్ల తల అంత మేర పచ్చగానో, ఊదా రంగులోనో తడితడిగా మెరుస్తుంది. మే నెలలో వెండి రంగు పొర ముందుకు పాకి ఆ మెరుపును కప్పేస్తుంది. వేరు చావలేదు, తలుపు వేసుకుంది. అలాంటి వేరుకు నీళ్లు ఎక్కువ పోస్తే అది ఎక్కువ తాగదు, కుండీలో నింపిన బెరడు కుళ్లుతుంది. ఎండిన గాలి ఆకు నుంచి లాగేసే తేమను వేరు ఎంత తాగినా పూడ్చలేదు. అందువల్ల నీళ్ల చెంబు కాదు, గాలిని మార్చాలి.

గాలి మార్చడానికి హైదరాబాద్‌లో ఇంటింటా ఉన్న సాధనం కూలర్. గదిలోకి కూలర్ గాలి వచ్చే దారికి ఒక పక్కగా, ఎదురుగా కాకుండా, రెండు గజాల దూరంలో కుండీలు పెట్టండి. ముఖ్యంగా రాత్రిపూట. ఫాలనాప్సిస్ ఆకు రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుచుకుంటాయి. అది ఊపిరి పీల్చేది మనం పడుకున్నాకే. ఆబిడ్స్ కాంక్రీటు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంది కాబట్టి బాల్కనీలో ఆ ఊపిరి వడగాలే. ఏసీ గదిలో పెడితే చల్లగా ఉంటుంది కానీ గాలి పొడిబారుతుంది. పైగా ఓ వింత జరగొచ్చు. రోజూ రాత్రి ఏసీ నడిచే గదిలో కొన్ని వారాలు ఉన్న ఫాలనాప్సిస్ అది నుమాయిష్ కాలమనుకుని జూన్‌లో పూలకాడ తీస్తుంది. రానివ్వండి, నష్టం లేదు. ఇక ఏసీ బయటి యూనిట్ ఎదురుగా మాత్రం ఏ మొక్కనూ పెట్టకండి.

ఎండ సంగతి కూడా ఒకటి గమనించాలి. ఉత్తరం వైపు బాల్కనీలో నీడే కదా అని ధీమాగా ఉంటాం. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండు తేదీల మధ్య ఉత్తరానికి వాలతాడు. పొద్దునా సాయంత్రమూ ఏటవాలు ఎండ ఉత్తరం బాల్కనీలోకే వస్తుంది. ఏడాదంతా క్షేమంగా ఉన్న మొక్క ఆకు మే నెలాఖరులో కాలి తెల్లమచ్చ పడితే కారణం అదే. మే మొదటి వారంలోనే ఆ వైపు గ్రీన్ నెట్ కట్టుకోండి.

ఇప్పుడు ఒక్కొక్క మొక్క తీరు చూద్దాం. ఫాలనాప్సిస్ ఆగ్నేయాసియా దీవుల మొక్క. దానికి గడ్డ లేదు, నీళ్లు దాచుకునే కాడ లేదు. పూర్తిగా ఎండగట్టే నిద్ర దానికి పనికిరాదు. ఏడాదికి రెండు మూడు ఆకులు వేస్తే బాగా పెరుగుతున్నట్టే లెక్క. పువ్వులు రాలాక కాడ పచ్చగా ఉంటే కొయ్యకండి. దాని కణుపుల్లో నిద్రపోయే మొగ్గలుంటాయి. వాటిలోంచి మళ్లీ పూలకొమ్మ రావచ్చు, ఎండ వేడికి పిల్లమొక్కే రావచ్చు. కొన్ని కాడలు వేసవిలో కొస ఆపేసి మళ్లీ చలికాలంలో అక్కణ్నుంచే సాగుతాయి. దీపావళికి దాన్ని గదిలోంచి కిటికీ దగ్గరికి మార్చి రాత్రి చలి తగలనిస్తే చాలు. రాత్రీ పగలూ 28 డిగ్రీలకు పైన ఉంచితే ఆకులే వేస్తూ పోతుంది.

పెళ్లి మండపాల్లో స్టేజీ నిండా గుచ్చే ఊదా, తెలుపు పువ్వు డెండ్రోబియం సోనియా. మన ఊరికి ఇంతకన్నా అనువైన ఆర్కిడ్ లేదని నా అభిప్రాయం. దాని పూర్వీకుల్లో ఒకటి ఉత్తర ఆస్ట్రేలియాది. అక్కడ సగం ఏడాది వాన ఉండదు కాబట్టి కరువు దానికి కొత్త కాదు. చెరుకుగడలా నిలబడ్డ కాడ పెరగడం పూర్తయ్యాక కింది ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కి రాలతాయి. చివరికి బోడికాడ మిగులుతుంది. దాన్ని చూసి కత్తెర తియ్యని ఇల్లు అరుదు. ఆ బోడికాడే ఒక్కోసారి రెండేళ్లకు, మూడేళ్లకు పైకణుపు నుంచి మళ్లీ పూలగెల వేస్తుంది. పుయ్యకపోయినా కొత్త పిలకకు పాలిచ్చే తల్లి అదే. పూర్తిగా ఎండి గడ్డిపరకలా అయ్యేదాకా ముట్టుకోకండి. మొజంజాహీ మార్కెట్ వైపు తోపుడుబండి మీద మొక్కలమ్మే ఒక పెద్దాయన ఇలాంటి కాడను చూపించి ఒకామెతో అన్న మాట విన్నాను: "సావలేదమ్మా, పండుకున్నది. లేపకుండ్రి."

సోనియాకు పేరులో చుట్టమైన డెండ్రోబియం నోబిలేది వేరే దారి. హిమాలయ పాదాల మొక్క అది, సిక్కిం రాష్ట్ర పుష్పం. చలికాలంలో నీళ్లు తగ్గించి, రాత్రి చలి బాగా తగలనిస్తేనే కణుపు కణుపుకూ పువ్వులు పూస్తుంది. జాలిపడి డిసెంబరులోనూ నీళ్లూ ఎరువూ పోస్తే అవే కణుపుల నుంచి పువ్వుల బదులు పిల్లమొక్కలు వస్తాయి. ఆగస్టు దాటాక ఎరువు ఆపి, నవంబరు నుంచి ఎప్పుడో ఒక చిలకరింపుతో సరిపెట్టి, డాబా మీద పెట్టుకోగలిగితే మన చలికి కూడా కొంత పూస్తుంది. బాల్కనీ ఒక్కటే ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడం మేలు.

కాట్లియా సంకరాలు తొందర మనిషికి మంచి గురువులు. కొత్త గడ్డ పెరిగాక ఆకు మొదట్లో పలచటి తొడుగు వస్తుంది. పువ్వు ఇదిగో అదిగో అనిపించి నెలల తరబడి ఖాళీగా ఉంటుంది. ఒక్కోసారి తొడుగు గోధుమ రంగుకు మారి కాగితంలా ఎండిపోతుంది, అందులోంచి కూడా మొగ్గ వస్తుంది. ఎండిన తొడుగులో తడి నిలవకుండా చూడటం తప్ప మీరు చెయ్యాల్సిందేమీ లేదు.

అన్నిటికన్నా కఠినమైన పాఠం ఫ్రెడ్‌క్లార్కియారాది. కాటాసెటమ్, మోర్మోడెస్, క్లోవేసియా అనే మూడు ప్రజాతులను కలిపి చేసిన సంకరం అది. వాటిలో ఆఫ్టర్ డార్క్ అనే రకం దాదాపు నల్లటి పువ్వులు పూస్తుంది. ఆ నలుపు ఫొటో చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు పెరిగారు. వానాకాలంలో దాని పెరుగుదల చూస్తే ముచ్చటేస్తుంది. వెడల్పాటి ఆకులు, లావెక్కుతున్న గడ్డ, రోజూ నీళ్లు పోసినా చాలదన్నట్టు తాగుతుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో ఆకులు ఒక్కసారిగా పసుపెక్కి రాలిపోతాయి. మిగిలేది ముళ్లు తేలిన గడ్డ, చచ్చిన వేళ్లు. సోనియా నిద్రలో ఒక కన్ను తెరిచి ఉంచుతుంది, ఇది రెండు కళ్లూ మూసుకుంటుంది. ఆకులన్నీ రాలాక నీళ్లు పూర్తిగా మానెయ్యాలి.

అసలు కష్టం ఆ తర్వాత. ఫిబ్రవరి, మార్చిలో వేడి తగలగానే గడ్డ అడుగున పచ్చటి మొలక వస్తుంది. చూడగానే మన చెయ్యి చెంబు మీదికి పోతుంది. పోనివ్వకూడదు. ఆ మొలకకు ఇంకా వేళ్లు లేవు, తల్లి గడ్డలో దాచిన నీళ్లతో బతుకుతోంది. ఇప్పుడు తడిపితే పాత వేళ్లు కుళ్లి ఆ కుళ్లు మొలకకు ఎక్కుతుంది. కొత్త వేళ్లు 8 నుంచి 12 సెంటీమీటర్లు సాగేదాకా ఆగాలి. మన దగ్గర ఆ ఎదురుచూపు సరిగ్గా ఏప్రిల్ ఎండల్లో పడుతుంది. బయట మనుషులు చెరుకురసం బండ్ల చుట్టూ మూగుతుంటే, ముడతలు పడుతున్న గడ్డ ఎదుట నీళ్లు పొయ్యకుండా కూర్చోవాలి. నీడలోకి, తేమ గాలిలోకి మార్చండి, అంతే. పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పులో పెంచితే వేళ్ల పొడవు బయటి నుంచే కనిపిస్తుంది, తవ్వి చూడాల్సిన పని ఉండదు.

మన నేలలో పుట్టిన ఆర్కిడ్‌ను కూడా ఇక్కడ తలచుకోవాలి. నిజాం కోసం ఫ్రెంచి సేనాని రేమండ్ ఆధ్వర్యంలో ఈ గన్‌ఫౌండ్రీలో ఫిరంగుల కార్ఖానా వెలసింది 1795లో. సామర్లకోటలో పనిచేసి వెళ్లిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన పుస్తకంలో, ఇప్పుడు వాండా టెసెల్లాటా అంటున్న ఆర్కిడ్‌ను బొమ్మతో సహా అచ్చు వేసింది కూడా ఆ ఏడే. తూర్పు కనుమల్లో మామిడి కొమ్మలను పట్టుకుని ఉండే మొక్క అది. దానికి వేసవిలో నీళ్లు పోసేవాళ్లెవరూ లేరు. వేరు కొసలు మూసుకుని, ఆకులు దొన్నెలా ముడుచుకుని వానకోసం ఆగుతుంది. కొత్తగా ఆర్కిడ్‌లు పెంచేవాళ్లు అలాంటి మొక్కను ఒకసారి చెట్టు మీద చూసి వస్తే సగం భయం పోతుంది.

అయితే కదలని మొక్కలన్నీ నిద్రపోతున్నాయని అనుకోవడం కూడా ప్రమాదమే. కొన్ని నిజంగా చస్తుంటాయి. ఓపిక అనే పేరుతో వాటిని వదిలెయ్యడం బద్ధకం. తేడా కనిపెట్టడానికి మూడు చోట్ల చూడాలి: గడ్డ, కన్ను, వేరు. గడ్డను బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉండి కాస్త ముడత పడితే విశ్రాంతి. మెత్తగా దిగబడి గోధుమ రంగు నీరు కారితే కుళ్లు. కుళ్లిన భాగాన్ని మంటలో కాల్చిన కత్తితో ఆ రోజే కోసెయ్యాలి, ఆ పనికి ముహూర్తం చూడొద్దు. ఆకులు కింద నుంచి ఒక్కొక్కటిగా పండితే వయసు. నడిమి లేత ఆకు నల్లబడి లాగితే ఊడొస్తే సుడిలో రాత్రి నీళ్లు నిలిచాయన్నమాట. కన్ను అంటే గడ్డ మొదట్లో గోరంత ఉబ్బు. అది పచ్చగా ఉంటే పై భాగం ఎంత వికారంగా ఉన్నా ఆశ ఉన్నట్టే. వేరును తడిపి చూడండి. బతికిన వేరు తడవగానే పచ్చటి ఛాయకు తిరుగుతుంది, చచ్చిన వేరు లోపల దారం మిగిలి పైపొర ఊడొస్తుంది.

నీళ్ల గురించి రెండు మాటలు. బోరు నీళ్లలోని సున్నం నెలల్లోనే వేళ్ల మీద తెల్లగా పేరుకుంటుంది. నల్లా నీళ్లు ఒక రాత్రి బకెట్‌లో ఉంచి వాడండి. వాననీళ్లు పట్టుకుంటే మరీ మంచిది. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు తక్కువ, శుభ్రమైన డబ్బాలో పడితే పనికొస్తాయి. ఆర్‌వో ఫిల్టరు వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే చేరుతుంది.

ఇక మీరు చెయ్యాల్సిన అభ్యాసం. ఒక నోటుపుస్తకం పెట్టండి. చేసిన పనులు అందరూ రాస్తారు, మీరు చెయ్యాలనిపించి ఆగిన పనులు రాయండి. ఏప్రిల్ 10, ఫ్రెడ్‌క్లార్కియారాకు నీళ్లు పొయ్యాలనిపించింది, పొయ్యలేదు, వేరు రెండు సెంటీమీటర్లే ఉంది. ఇలా. కారణం తప్పకుండా రాయాలి, కారణం రాయలేకపోతే మీరు ఆగింది మతిమరుపుతోనేమో చూసుకోండి. ఒక ఏడాది పేజీలు తిరగేస్తే మీ మొక్క పంచాంగం ఏదో తెలుస్తుంది. మీ చెయ్యి ఎప్పుడెప్పుడు ఊరికే దురదపెడుతుందో కూడా తెలుస్తుంది. ఆఫీసులో జవాబు రాని మెయిల్‌కు మూడో రిమైండర్ పంపేముందు, పరీక్షలయ్యాక నాలుగు రోజులు ముసుగుతన్ని పడుకున్న పిల్లవాణ్ని లేపేముందు ఆ పుస్తకం ఒకసారి గుర్తొస్తే మంచిదే. ఆ రెండు సందర్భాల్లోనూ గడ్డ నొక్కి చూసే అవకాశం మాత్రం ఉండదు.

మీ బాల్కనీలో ఇప్పుడు అలాంటి కుండీ ఒకటి ఉంటే, గడ్డ గట్టిగా ఉందో లేదో చూసి నీడకు మార్చండి. పారెయ్యాలనే అనుకుంటే మృగశిర దాటాక ఒక నెల చూసి, అప్పుడు పారెయ్యండి.